మూడు పసుపు వైర్లు

2022 జూలై వరదని మా గూడెంలో ఎవరూ మర్చిపోలేదు. ఆ నెల 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి లేచింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకే. 1986లో 75.6 అడుగులు వచ్చిన సంగతి మా పెద్దవాళ్ళు కథలాగా చెప్పేవాళ్ళు. ఆ కథ మా కళ్ళముందుకొచ్చింది. గోదావరి అంత ఎత్తున పారుతుంటే కూనవరం దగ్గర శబరి అందులోకి దిగలేదు, వెనక్కి తన్నుతుంది. శబరి ఒడ్డున ఉన్న మా ఇళ్ళలోకి నీళ్ళు వచ్చేది ఆ వెనకపోటుతోనే.

గుట్ట మీదికి బియ్యం మోసుకెళ్ళాం. మేకల్ని, కోళ్ళని, ముసలివాళ్ళని చేర్చాం. పిల్లల సర్టిఫికెట్లు, బడి రిజిస్టర్లు గోనెసంచిలో కట్టి ఎక్కించాం. బళ్ళ దగ్గరికొచ్చేసరికి టైము చాల్లేదు. కొన్నిటిని తోసుకుపోయాం. ఇరవై దాకా చూరు కిందా చింతచెట్టు మొదట్లోనూ తాళ్ళతో కట్టేసి వదిలేశాం. వారం పైన అవి నీళ్ళలోనే ఉన్నాయి.

మోటారు సైకిలంటే బయటివాళ్ళకి షోకు అనిపించొచ్చు. మా వైపు రేషను బియ్యం దాని మీదే వస్తుంది. యూరియా బస్తా, సంతకి పోయే చింతపండు, పరీక్షకెళ్ళే ఆడపిల్ల, నొప్పులొచ్చిన కోడలు, అన్నీ దాని మీదే. ఆటో రాని దారిలో బండి వస్తుంది. బండి కూడా రాని చోట డోలీ కడతాం. బండి చెడిందంటే మళ్ళీ డోలీ దగ్గరికి పోయినట్టే. అందుకే బండి వైరింగు గురించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మా బడిలో ఇద్దరం పంతుళ్ళం. ఇద్దరమూ కోయవాళ్ళమే, డీఎడ్ చదివి వచ్చినవాళ్ళమే. ఇక్కడ ‘మేము’ అంటే మొదట మేమిద్దరం. తర్వాత ఇంకొందరు కలిశారు.

వరద దిగాక అందరం ముందు ఇంజన్లు చూసుకున్నాం. ఆయిలు దించితే పాలు కలిపిన టీ లాగా వచ్చింది. రెండుసార్లు ఆయిలు మార్చాం. ప్లగ్గు విప్పి ఆరబెట్టి, ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటరు కడిగి కొత్త పెట్రోలు పోశాం. ఒక్కొక్క బండీ స్టార్టయింది. ఆ రోజు గూడెంలో పండగలా ఉంది.

ఇంజన్లో నీళ్ళు పోయాయిగానీ వైర్లలో నీళ్ళు పోలేదని తెలియడానికి రెండు నెలలు పట్టింది. ఒక బండికి హారను మూగబోయింది. ఒకదానికి ఇండికేటరు వేస్తే హెడ్‌లైటు మసకబారుతుంది. ఇంకోదానికి సెల్ఫు కొడితే ‘టక్’ మని ఊరుకుంటుంది. టౌనుకి తీసుకెళ్తే అందరికీ ఒకటే మందు చెప్పారు: బ్యాటరీ పోయింది, కొత్తది వెయ్యాలి. వేశాం. పదిహేను ఇరవై రోజులకి అదీ పడుకుంది. మళ్ళీ వెళ్తే వైరింగు కిట్టు మొత్తం మార్చాలన్నారు. బ్యాటరీకి పన్నెండు పదమూడు వందలు, కిట్టుకి వేరే, కూలికి వేరే. వరదలో గింజ కూడా మిగలని ఏడాది అది. మా కుర్రాళ్ళు షాపు ముందు బల్ల మీద పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చునేవాళ్ళు. ఏం చేశారని అడగడానికి మొహమాటపడి, చెప్పినంత డబ్బిచ్చి వచ్చేవాళ్ళు. పంతుళ్ళమై ఉండీ మేమూ అడగలేదు.

నవంబరులో ఒక రాత్రి మా మూడో తరగతి పిల్లాడికి జ్వరం ముదిరింది. వణుకు, వాంతులు. పిలిస్తే సరిగ్గా పలకడం లేదు. మా గూడెంలో ఫోను సిగ్నలు గుట్ట ఎక్కితేగానీ రాదు. ఆసుపత్రి పదిహేడు కిలోమీటర్లు. మా ఇద్దరిలో ఒకరిది కొత్త బండి, ఇంజెక్షన్ బండి. వరదలో అది సగం దాకా మునిగింది. పది రోజుల కిందటే కొత్త బ్యాటరీ వేయించాం. దాని మీద పిల్లాణ్ణి మధ్యలో పెట్టుకుని, వెనక తండ్రిని కూర్చోబెట్టుకుని బయల్దేరాం. రెండోవాళ్ళం పాత బండి మీద వెనకే వచ్చాం. పాత బండికి హెడ్‌లైటు లేదు. ముందు బండి వెలుతురే దారి.

సగం దూరం పోయాక ముందు బండి హెడ్‌లైటు పచ్చబడింది. మీటరు బోర్డు ఆరిపోయింది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగింది. ఆ బండికి కిక్కు రాడ్డే లేదు. గేరులో వేసి తోశాం, రాలేదు. ఇంజెక్షన్ బండిలో పెట్రోలు పంపు తిరగాలన్నా, పెట్రోలు ఎంత చిమ్మాలో లెక్కచూసే ఈసీయూ పనిచేయాలన్నా కరెంటు కావాలి. బ్యాటరీ పూర్తిగా చచ్చాక తోసి లాభం లేదు. ఆ సంగతి ఆ చీకట్లో మాకు తెలీదు. తోస్తూనే ఉన్నాం.

చివరికి పాత బండే దిక్కయింది. దానికి లైటు లేకపోయినా కిక్కు ఉంది, కార్బొరేటరు ఉంది. పిల్లాణ్ణి దాని మీదికి మార్చాం. వెనక కూర్చున్న తండ్రి భుజం మీదుగా టార్చి చూపుతుంటే నెమ్మదిగా పోనిచ్చాం. ఆసుపత్రిలో మలేరియా అన్నారు. సూది వేశారు, సెలైను పెట్టారు. పిల్లాడు బతికాడు. డాక్టరుగారు “ఇంకాస్త ఆలస్యమైతే...” అని అక్కడికి ఆపేశారు.

తెల్లారి ఆ బండిని తోసుకుంటూ ఊరికొచ్చాం. దారిపొడవునా ఇద్దరం మాట్లాడుకోలేదు. సెల్లు, బల్బు, వైరు బొమ్మ గీసి ‘వలయం పూర్తయితేనే బల్బు వెలుగుతుంది’ అని పిల్లలకి ఏళ్ళ తరబడి చెబుతున్నాం. మా బండిలో వలయం ఎక్కడ తెగిందో మాత్రం మాకు తెలీదు.

గూడెంలో ఒక తమ్ముడున్నాడు. మా దగ్గరే చదివాడు. ఐదో తరగతి రిజిస్టరులో అతని పేరుకెదురుగా ‘చదవడం రాదు’ అని రాసింది మేమే. ఇంట్లో కోయ మాట, బళ్ళో తెలుగు పుస్తకం. మాకూ చిన్నప్పుడు అదే అయింది. అయినా అతన్ని చెయ్యిపట్టి దాటించలేదు. ఎనిమిదిలో మానేశాడు. టౌనులో ఒక మెకానిక్ షాపులో మూడేళ్ళు హెల్పరుగా చేసి, వరద తర్వాత ఇంటికొచ్చేశాడు. అతన్ని పిలిచాం.

“మీటరు పెట్టి చూడటం వచ్చా?” అన్నాం.

“మీటరు నన్ను ముట్టనిచ్చేవాళ్ళు కాదు సారూ. వైరింగు పని వచ్చిందంటే టీ తెమ్మని పంపేవాళ్ళు.”

“మరి నీకు ఏం తెలుసు?”

“విప్పడం, బిగించడం తెలుసు. ఏ వైరు ఎటు పోద్దో చూసి చూసి తెలిసింది. ఎందుకు పోద్దో తెలీదు.”

ఎందుకో మాకు కొంచెం తెలుసు. ఎటు పోతుందో తెలీదు. అలా ముగ్గురం కూర్చున్నాం. కొన్నాళ్ళకి ఇంటరు చదివే ఒక చెల్లి వచ్చి చేరింది. భద్రాచలం నుంచి రూ. 300 పెట్టి ఒక మల్టీమీటరు తెచ్చాం. పాత ఇండికేటరు బల్బుకి రెండు వైర్లు అతికి టెస్టు లైటు చేసుకున్నాం. ఆదివారాలు బడి వరండాలో పని మొదలుపెట్టాం.

ముందు నల్లబల్ల మీద బొమ్మ గీశాం. కోయ మాటలో ఏరు అంటే నీళ్ళు, తెలుగులో ఏరంటే వాగు. రెండు మాటలకీ సరిపోయేలా చెప్పుకున్నాం. ఇంజను పక్కన మూతలో ఉండే మాగ్నెటో ఒక ఊట. అక్కడ అయస్కాంతాల చక్రం తిరుగుతుంటే లోపలి రాగితీగ చుట్టల్లో కరెంటు పుడుతుంది. ఆ చుట్టలనే స్టాటర్ కాయిల్ అంటారు. అందులో పుట్టేది ఏసీ, అటూ ఇటూ ఊగే కరెంటు. బ్యాటరీకి కావలసింది డీసీ, ఒకే దిక్కుకి పోయేది. మధ్యలో ఆర్‌ఆర్ యూనిట్ ఉంటుంది. అది ఊగే కరెంటుని ఒకదారిన పెడుతుంది, ఎక్కువైనదాన్ని ఆపుతుంది. కాలువకి తూము లాంటిది. బ్యాటరీ కుంట. హారను, లైటు, సెల్ఫు మోటారు ఆ కుంట కింది పొలాలు.

కుంట ఎండిందంటే కారణాలు నాలుగు. ఊట ఆగిపోవచ్చు. కాలువకి గండి పడొచ్చు. వచ్చేదానికంటే వాడకం ఎక్కువ కావొచ్చు. లేదా కుంట అడుగే కారిపోతుండొచ్చు. మేము ఇన్నాళ్ళూ నాలుగోదే నిజమనుకుని, కుంటలు మార్చుకుంటూ పోయాం.

ఒకచోట ఈ పోలిక ఆగిపోతుందని కూడా చెప్పుకున్నాం. పొలంలో పారిన నీళ్ళు కుంటకి తిరిగి రానక్కర్లేదు. కరెంటు మాత్రం తిరిగి రావాలి. బండిలో ఆ తిరుగుదారి ఎర్తు: వైరు, బండి చట్రం, ఇంజను బాడీ కలిసి మళ్ళీ బ్యాటరీ మైనస్ దాకా. సగం జబ్బులు ఆ తిరుగుదారిలోనే ఉన్నాయని తర్వాత తెలిసింది.

అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుందని 1831లో చూపించింది మైకేల్ ఫారడే. కమ్మరి కొడుకు, పెద్దగా బడికి పోలేదు, పుస్తకాలు కుట్టే షాపులో పనికి కుదిరి అక్కడి పుస్తకాలు చదువుకున్నాడు. ఇది చెప్పినప్పుడు మా తమ్ముడు తల ఎత్తి చూశాడు. ఏమీ అనలేదు. “ఆ మూత విప్పి చూపిస్తా, చుట్టలు ఉంటాయి,” అన్నాడు.

మొదట మమ్మల్ని రాత్రి దారిలో వదిలేసిన బండే పట్టాం. చేసిన వరుస ఇక్కడ రాస్తున్నాం. ఇలాంటి బళ్ళకి ఇది పనికొస్తుంది.

బ్యాటరీని టౌనులో చార్జింగు పెట్టించి తెచ్చి, ఒక రాత్రి వదిలేశాం. పొద్దున మీటరు డీసీ ఓల్టుల మీద పెట్టి చూస్తే 12.7 ఉంది. నిండు బ్యాటరీకి 12.6 నుంచి 12.8 దాకా ఉండాలి. 12కి దిగిందంటే దాదాపు ఖాళీ అయినట్టే. 12.7 ఉంది కాబట్టి బ్యాటరీ తప్పు కాదు. బండి స్టార్టు చేసి, ఎక్సలేటరు కొంచెం ఇచ్చి మళ్ళీ చూశాం. చార్జింగు బాగుంటే అప్పుడు 13.8 నుంచి 14.5 మధ్యకి ఎక్కాలి. మా బండిలో 12.4 దగ్గరే ఉండి, చూస్తుండగా 12.3 అయింది. ఊట నుంచి కుంటకి చుక్క రావడం లేదు. బ్యాటరీ తనలో ఉన్నదే ఖర్చుపెట్టుకుంటోంది. కొత్త బ్యాటరీ పది రోజులకే ఎందుకు చచ్చిందో ఆ ఒక్క అంకెతో తెలిసింది.

తర్వాత స్టాటర్ చూశాం. ఇంజను నుంచి మూడు పసుపు వైర్లు వచ్చి ఒక కప్లరులో కలుస్తాయి. కప్లరు ఊడదీసి, మీటరుని ఏసీకి మార్చి, ఇంజను వైపు వైర్లలో రెండేసి చొప్పున మూడు జతలూ కొలిచాం. ఓల్టులు ఎన్ని రావాలన్నది బండిని బట్టీ, ఎక్సలేటరుని బట్టీ మారుతుంది. మూడు జతలూ ఒకేలా రావాలి, ఎక్సలేటరు ఇస్తే మూడూ కలిసి పెరగాలి. మా బండిలో అలాగే వచ్చాయి. ఇంజను ఆపి, మీటరుని బీప్ మీద పెట్టి, ఒక్కో పసుపు వైరునీ ఇంజను బాడీనీ ముట్టించాం. బీప్ రాకూడదు. వస్తే కాయిల్ లోపల కాలి బాడీకి తగులుతోందని అర్థం. రాలేదు. ఊట బాగానే ఉంది.

మరి తప్పెక్కడ? ఊడదీసిన కప్లరుని తమ్ముడు ఎండలో పట్టుకుని చూపించాడు. మూడు పిన్నుల్లో ఒకటి నల్లగా కాలింది, చుట్టూ ప్లాస్టిక్కు కరిగింది. మిగతా రెండిటికీ ఆకుపచ్చ చిలుము. వరద బురద అందులో దూరి ఆరిపోయింది. చిలుము పట్టిన చోట పిన్నుకీ పిన్నుకీ సరిగ్గా అంటదు. సరిగ్గా అంటని చోట కరెంటు పోతుంటే వేడి పుడుతుంది. వేడికి పిన్ను ఇంకా వదులవుతుంది. అలా అలా కాలిపోయింది. కొత్త కప్లరు, పిన్నులు కలిపి వంద రూపాయల లోపే. కాలిన వైరుని శుభ్రమైన రాగి కనబడేదాకా కోసి, పిన్నులు నొక్కి, స్లీవు తొడిగి బిగించాం. బండి స్టార్టు చేస్తే మీటరులో 14.2.

ఎవరూ కేకలు వెయ్యలేదు. ఆ రాత్రి పిల్లాడి ప్రాణం మీదికి తెచ్చింది గోరంత పిన్ను. దాన్ని చూడకుండానే మాకు బ్యాటరీ అమ్మారు, చూడమని మేము అడగలేదు.

ఆ తర్వాత ఆదివారం వరండా ముందు ఏడు బళ్ళు నిలబడ్డాయి. ఒకదానికి మైనస్ వైరు ఇంజనుకి బిగించే నట్టు కింద తుప్పు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మైనస్‌కీ ఇంజను బాడీకీ మధ్య మీటరు పెడితే సున్నాకి దగ్గరగా ఉండాలి, 0.2 దాటకూడదు. అక్కడ 1 దాకా చూపించింది. ఉప్పుకాగితంతో రుద్ది బిగిస్తే సరిపోయింది. ఇంకో బండిలో ఆర్‌ఆర్ యూనిట్ రెక్కల మధ్య బురద గడ్డకట్టింది. అది వేడెక్కే సామాను, గాలి తగలాలి. గాలాడక లోపల కాలిపోయింది. ఎక్సలేటరు ఇస్తే 16 దాకా పోతోంది. ‘లైటు భలే వెలుగుతోంది’ అని ఆ మామ మురిసిపోయేవాడు. నెలకి రెండు బల్బులు ఎందుకు పోతున్నాయో, బ్యాటరీ ఎందుకు ఉబ్బిందో అప్పుడు తెలిసింది. తక్కువ చార్జింగు ఎంత చెడ్డదో ఎక్కువా అంతే. 15 దాటిందంటే రెగ్యులేటరు మార్చాల్సిందే.

ఒక బండి మూడు వారాలు ఏడిపించింది. నిలబెట్టి చూస్తే అన్నీ బాగుంటాయి, దారిలో పడితే ఆరిపోతుంది. చెల్లి కనిపెట్టింది. ఆమె మీటరు పట్టుకుని ఉండగా తమ్ముడు ఊరికే హ్యాండిలు తిప్పాడు. కుడివైపు తిరిగినప్పుడల్లా అంకె పడిపోతోంది. హ్యాండిలు మెడ దగ్గర వైర్ల కట్ట రోజూ వంగి వంగి, పైన రబ్బరు బాగానే ఉండి లోపల రాగి తెగింది. అంతకుముందు ఆ అమ్మాయిని చూసి ఒక అత్త “ఆడపిల్లకి ఈ గ్రీజు పనేంటి పంతులూ?” అని మమ్మల్ని అడిగింది. ఆ బండి ఆ అత్త కొడుకుదే. తర్వాత ఆమె ఆ మాట ఎత్తలేదు.

మేము చేసిన తప్పులు కూడా రాయాలి. నడుస్తున్న బండికి బ్యాటరీ వైరు పీకి, ఇంజను ఆగకపోతే చార్జింగు బాగున్నట్టు అని ఎవరో చెప్పగా విన్నాం. మీటరు ఉండగా కూడా తొందరలో ఒక తమ్ముడి బండికి అలా పీకాం. ఎక్కువైన ఓల్టేజీని అణచి పట్టేది బ్యాటరీయే. అది లేకపోయేసరికి పోటు ఎగిసి హెడ్‌లైటు, టెయిల్‌లైటు, మీటరు బోర్డు ఒక్క క్షణంలో పోయాయి. ఆ డబ్బు మేమే ఇచ్చుకున్నాం. ఇంజెక్షన్ బండిలో ఈసీయూ కూడా పోవచ్చు. ఆ పని ఎప్పుడూ చెయ్యకండి.

ఇంకొకటి ఫ్యూజు. ఫ్యూజు కొట్టేస్తే సిగరెట్టు పెట్టెలో వెండికాగితం చుట్టి పెట్టడం మా వైపు మామూలు. మాలో ఒకరం కూడా ఒకప్పుడు పెట్టాం. ఫ్యూజు కాలిందంటే ఎక్కడో వైరు బాడీకి తగులుతోందని అది చెబుతోంది. దాని నోరు మూస్తే కాలేది వైరింగే. ఆ ఏడాదే ఒక బండికి పెట్రోలు ట్యాంకు కింద కట్ట మొత్తం కరిగి ముద్దయింది. ఎలుక కొరికిన ఒక వైరు దగ్గర మొదలైన పని అది. ట్యాంకు అంటుకోనందుకు మొక్కుకున్నాం. పాత ఫ్యూజు మీద ఎంత అంకె ఉంటే కొత్తదాని మీదా అంతే ఉండాలి. రెండోసారి కాలితే మూడోది పెట్టకుండా కారణం వెతకాలి.

కుర్రాళ్ళకి ఒక మాట. 2017 ఏప్రిల్ నుంచి వచ్చే బళ్ళకి హెడ్‌లైటు స్విచ్చి ఉండదు, ఇంజను నడిచినంతసేపూ వెలుగుతూనే ఉంటుంది. మామూలు హెడ్‌లైటు బల్బు 35 వాట్లు. 12 ఓల్టులతో భాగిస్తే దాదాపు 3 ఆంపియర్లు. దానికి తోడు మీరు 20 వాట్ల లైట్లు రెండు బిగిస్తే ఇంకో 3 ఆంపియర్లకి పైన. ఆ పైన పెద్ద హారను, ఫోను చార్జరు. మన దారుల్లో రెండో గేరు దాటి పోయేది తక్కువ. నెమ్మదిగా తిరిగే మాగ్నెటో తక్కువే ఇస్తుంది. ఊటకి మించి పొలం వేసుకుంటే చివరి మడి ఎండుతుంది. లైట్లు పెట్టుకోవద్దని మేము చెప్పం, అడవి దారిలో వెలుగు కావాలి. పెట్టుకునే ముందు ఈ కూడిక, భాగహారం ఒకసారి చేసుకోండి. రిలే, వేరే ఫ్యూజు లేకుండా ఇండికేటరు వైరు గీకి అతుకులు వెయ్యకండి.

పంతుళ్ళకి ఒక మాట. ఈ పని మొదలయ్యాక మా పాఠం మారింది. ‘వలయం’ అంటే పిల్లలు ఇప్పుడు బయటికి పరిగెత్తి బండి చూపిస్తారు. దశాంశాలు అర్థంకాని పిల్లలకి 12.4కీ 14.2కీ తేడా అర్థమైంది. దాని మీద ఒక ఆసుపత్రి ప్రయాణం ఆధారపడి ఉందని వాళ్ళకి తెలుసు. కోయలోనే ముందు చెప్పి, తర్వాత తెలుగు మాట బల్ల మీద రాస్తున్నాం. ఎర్తు, ఫ్యూజు, కప్లరు ఏ భాషలోనైనా అవే. బెరుకు పోవడానికి అది చాలింది.

ఒక జాగ్రత్త చెప్పి ముగిస్తాం. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు మైనస్ తియ్యాలి. బిగించేటప్పుడు మైనస్ చివర పెట్టాలి. మైనస్ ఉండగా ప్లస్ నట్టు విప్పుతూ స్పానరు చట్రానికి తగిలితే నిప్పు రాలుతుంది. చార్జింగు అవుతున్న బ్యాటరీ దగ్గర బీడీ వద్దు, దాని నుంచి వచ్చే గాలి అంటుకుంటుంది. వైర్ల రంగులు కంపెనీని బట్టి మారతాయి. ఒక బండిలో ఎర్తు ఆకుపచ్చ, ఇంకోదానిలో నలుపు మీద పసుపు గీత. రంగు చూసి నమ్మకుండా మీటరు పెట్టి చూడాలి.

ఇప్పుడు బళ్ళో బీరువా పైన ఒక రేకు పెట్టె ఉంది. మీటరు, టెస్టు లైటు, ఫ్యూజులు, పిన్నులు, స్లీవులు, టేపు, ఒక వ్యాజలీను డబ్బా అందులో ఉంటాయి. జూన్‌లో వానలకి ముందు ఒక ఆదివారం గూడెం బళ్ళన్నీ వరుసలో పెట్టి, కప్లర్లు ఊడదీసి తుడిచి, బ్యాటరీ టెర్మినళ్ళకి వ్యాజలీను రాస్తాం. గోదావరి పెరుగుతోందని కబురొస్తే ముందు బ్యాటరీలు విప్పి గుట్టకి పంపుతాం. మునిగిన బండికి వెంటనే సెల్ఫు కొట్టొద్దని అందరికీ చెప్పాం. మా ఊళ్ళు పోలవరం ముంపు జాబితాలో ఉన్నాయి. ఎన్నాళ్ళుంటామో తెలీని చోట ఇదంతా ఎందుకని అడిగేవాళ్ళున్నారు. ఎక్కడికి పోవాల్సొచ్చినా చేతిలో పని వెంటే వస్తుందని మా తమ్ముడు వాళ్ళకి చెబుతుంటాడు.

పెట్టెలో ఒక నోటుబుక్కు కూడా ఉంది. ఏ బండి, ఏ తేదీ, ఇంజను ఆపితే ఎంత, నడిస్తే ఎంత, ఏం చేశాం. మొదట్లో అంకెలు తమ్ముడు చెప్తే చెల్లి రాసేది. ఆ అమ్మాయి డిగ్రీకి వెళ్ళిపోయాక కొన్నాళ్ళు మేము రాశాం. ఈ మధ్య ఒక సోమవారం తీసి చూస్తే మాకు తెలియని చేతిరాత కనబడింది. అక్షరాలు పెద్దవి, గీత దాటి కిందికి జారాయి. ‘ఎర్తు వదులు. తుప్పు గీకా. బిగించా. 14.1.’

అతను రాశాడు. అడిగితే, పెట్టె మీద మందుల మీద పేర్లు చదువుకుంటూ నేర్చుకున్నానన్నాడు. మేము ఇంకేమీ అడగలేదు.

పాత రిజిస్టర్లు ఇప్పటికీ అదే బీరువాలో ఉన్నాయి. వరదలో గోనెసంచిలో కట్టి గుట్ట మీదికి మోసి కాపాడింది మేమే. అతని పేరుకెదురుగా మేము రాసిన ఆ రెండు మాటలు చెక్కుచెదరలేదు. రిజిస్టరులో కొట్టివేతలు ఉండకూడదు. అందుకని వాటిని అలాగే ఉంచి, నోటుబుక్కుని దాని పక్కనే పెట్టాం.